గబ్బిలాల్లో వైరస్‌ల అన్వేషణ: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చెరువుకట్టల మీది చింతచెట్లకూ మర్రిచెట్లకూ వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాల దగ్గర నమూనాలు సేకరిస్తున్నప్పుడు ఊరివారి నుంచి మాకు తరచుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: గబ్బిలంలో కొత్త వైరస్ దొరికిందంటే కొత్త జబ్బు వచ్చినట్లే.

వాస్తవం: మేము తెల్లవారకముందే చెట్టు కింద పాలిథిన్ పట్టా పరుస్తాం. మేత నుంచి తిరిగివచ్చిన గబ్బిలాల మూత్రపు చుక్కలను పిపెట్‌తో తీసి, వాటిలోని ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యుపదార్థం) చెడిపోకుండా ద్రవ నైట్రోజన్‌లో భద్రపరుస్తాం. ఒక వైరస్ కుటుంబంలో అంతగా మారని జన్యుభాగాన్ని పీసీఆర్‌తో (జన్యుభాగానికి ఎన్నో నకళ్లు తీసి గుర్తించే పరీక్షతో) వెతికితే చాలాసార్లు చేతికి వచ్చేది కొన్ని వందల జన్యు అక్షరాల ముక్క మాత్రమే. అది ఏ కుటుంబానికి చెందినదో ఆ ముక్క చెప్పగలదు గానీ, వైరస్ సజీవంగా ఉందో లేదో, మనిషి కణంలోకి చొరబడగలదో లేదో చెప్పలేదు. పట్టా మీది చుక్క ఏ గబ్బిలానిదో తెలియదు కనుక, గుంపులో ఇంత శాతానికి వైరస్ ఉందని ఆ నమూనాలను బట్టి లెక్కగట్టడం కూడా సరికాదు. ఇక రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తే, ఆ గబ్బిలానికి వైరస్ ఎప్పుడో సోకిందనే అర్థం తప్ప ఇప్పుడు ఉందని కాదు.

అపోహ: గబ్బిలంలోని వైరస్ జన్యుక్రమం మనుషులకు సోకే వైరస్‌తో 96 శాతం కలిసిందంటే మన వైరస్ దాని నుంచే పుట్టింది.

వాస్తవం: చదువుకున్నవారు కూడా తరచుగా పొరబడేది ఇక్కడే. చైనాలోని యునాన్‌లో 2013లో ఒక గుర్రపునాడా గబ్బిలం నుంచి సేకరించిన నమూనాలోని ఆర్‌ఏటీజీ13 వైరస్, కోవిడ్ వైరస్‌తో సుమారు 96 శాతం కలుస్తుంది. దాదాపు 30,000 అక్షరాల జన్యుక్రమంలో మిగిలిన నాలుగు శాతమంటే వెయ్యికి పైగా తేడాలు; అన్ని తేడాలు పోగుపడడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి అవి రెండూ ఒకే పూర్వీకుడి నుంచి విడిపోయిన దాయాదులే తప్ప తల్లీబిడ్డలు కావు. పైగా కరోనా వైరస్‌లు ఒకదానితో ఒకటి జన్యుభాగాలను మార్చుకుంటాయి కనుక ఒక జన్యువుతో గీసిన వంశవృక్షానికి, మరో జన్యువుతో గీసిన వంశవృక్షానికి పొంతన కుదరకపోవచ్చు. వైరస్‌ల వంశవృక్షాన్ని అవి నివసించే జంతువుల వంశవృక్షం పక్కన పెట్టి చూసినప్పుడు కొమ్మల వరుస కలిస్తే రెండూ కలిసి పరిణామం చెందాయని అనుమానిస్తాం. తేడా వస్తే, వైరస్ ఒక జీవి నుంచి మరో జీవికి దూకి ఉంటుందని వెతకడం మొదలుపెడతాం. కరోనా వైరస్‌ల వల్లే వచ్చే శ్వాసకోశ జబ్బుల్లో, 2002 నాటి సార్స్ విషయంలో పునుగుపిల్లులు, మెర్స్ విషయంలో ఒంటెలు ఆ వెతుకులాటలోనే బయటపడ్డాయి.

అపోహ: చెట్టు కొట్టేసి గబ్బిలాలను తరిమేస్తే పీడ వదులుతుంది.

వాస్తవం: వదలదు, చెదిరిన గుంపు పక్క ఊరి చెట్టెక్కుతుంది. ఉగాండాలోని కిటాకా గనిలో 2008 ప్రాంతంలో గబ్బిలాలను నిర్మూలించారు. కొన్నేళ్లకు మళ్లీ చేరినవాటిలో మనుషులకు ప్రాణాంతకమైన మార్బర్గ్ వైరస్ సోకినవాటి శాతం అంతకుముందుకంటే రెట్టింపు దాటింది.

అపోహ: కల్లు పులిస్తే ఏ వైరస్ అయినా చస్తుంది.

వాస్తవం: ఆ భరోసా లేదు. బంగ్లాదేశ్‌లో, గబ్బిలాల నుంచి మనుషులకు సోకే నిపా వైరస్ ఎక్కువగా పచ్చి ఖర్జూరపు నీరా వల్ల సోకినా, పులిసిన కల్లు తాగినవారికి సోకిన సందర్భాలూ నమోదయ్యాయి. రాత్రిపూట కుండలోని రసాన్ని నాకే గబ్బిలాల లాలాజలం, మూత్రం అందులో కలవడమే కారణం. అక్కడ వెదురు తడికలతో కుండను, చెట్టుకు గీసిన చోటును కప్పితే గబ్బిలాలు రసం దాకా రాలేకపోయాయి. మన ఈతచెట్లకూ తాటిచెట్లకూ కట్టే కుండలకు కూడా ఆ జాగ్రత్త పనికివస్తుంది. గబ్బిలం కొరికి పడేసిన పండును మాత్రం కడిగి తినాలని చూడకుండా పారవేయాలి.