నాయనమ్మ చేతి బరువు

మా ఇంట్లో పసిబిడ్డకు నీళ్లు పోయడం నాయనమ్మ పని. పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుని, గోరువెచ్చటి నువ్వుల నూనెతో మెడ నుంచి పిరుదుల దాకా సాగదీసి రుద్దేది. బిడ్డ కెవ్వుమంటే అమ్మకు కంగారు. "కాస్త మెల్లగా, అత్తయ్యా" అంటే, "దూదితో తుడిస్తే ఒళ్లు చేస్తుందా?" అని ఆవిడ ఎదురడిగేది.

ఆ ప్రశ్నకు తొలి జవాబు ఎలుకల దగ్గర దొరికింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో సాల్ షాన్‌బర్గ్ బృందం ఎలుక పిల్లలను తల్లి నుంచి వేరు చేసి చూసింది. వాటిలో ఎదుగుదల హార్మోను పడిపోయింది. తల్లి నాలుకతో నాకినట్టే తడి కుంచెతో కాస్త అదిమి రాస్తే మళ్లీ పుంజుకుంది.

ఆ తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త టిఫనీ ఫీల్డ్, షాన్‌బర్గ్ తదితరులు నెలలు నిండకుండా పుట్టిన 40 మంది శిశువులను ఎంచుకున్నారు. సగం మందికి రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున 10 రోజులు ఒళ్లు నిమిరి, కాళ్లూ చేతులూ ఆడించారు. పాలు అందరూ దాదాపు ఒకే మోతాదులో తాగినా, వీళ్లు మాత్రం రోజువారీగా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. ఆరు రోజులు ముందే ఇంటికి వెళ్లారు. 1986లో అచ్చయిన ఫలితమిది.

తాగిన పాలు అవే అయితే బరువు ఎక్కడిది? తర్వాతి పరిశోధనలు వేగస్ నాడిని చూపించాయి. చర్మాన్ని ఓ మోస్తరుగా అదిమితే మెదడు నుంచి పొట్టకు వెళ్లే ఈ నాడి చురుకవుతుంది, జీర్ణాశయం కదలిక పెరుగుతుంది. పైపైన నిమిరితే ఇంత ఫలితం రాలేదు. దూది మాట అంత తేలికగా కొట్టిపారేసేది కాదన్నమాట!

అయితే 47 శాతం చూసి మురిసిపోనక్కర్లేదు. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2004 నాటి సమీక్షలో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగడితే, తేడా రోజుకు 5 గ్రాములకు కాస్త పైన తేలింది. పైగా చాలా ప్రయోగాల నాణ్యత అంతంత మాత్రమేనని కూడా ఆ సమీక్షే చెప్పింది.

నాయనమ్మ చేసేవన్నీ మంచివని కూడా అనను. ముక్కులో నూనె చుక్కలు వేసి ఊదేది; అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. పాలు పోవాలంటూ బిడ్డ చనుమొనలు పిండేది. ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా అక్కడ కనిపించే ఉబ్బు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేదే, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పిండితే చీము పట్టే ప్రమాదం ఉంది.