రైళ్లు పోయాయి, రైలుదారి మిగిలింది: ఫిలడెల్ఫియా కథ

ఫిలడెల్ఫియాలో చైనాటౌన్‌కు ఉత్తరాన, వైన్ వీధి దాటాక, భవనాల మధ్య నుంచి ఒక ఎత్తైన రైలుదారి పోతుంది. ఎక్కువ భాగం రాతి గోడల మధ్య మట్టి నింపిన కట్ట. వీధులు అడ్డొచ్చిన చోట ఉక్కు వంతెనలు. 1984 నవంబరు తర్వాత దాని మీద రైలు నడవలేదు. దాన్ని కూల్చాలా, ఉద్యానవనంగా మార్చాలా అన్న వాదన మాత్రం ఏళ్ల తరబడి నడుస్తోంది.

దాన్ని కట్టింది రెడ్డింగ్ అనే రైలు కంపెనీ. మోనోపలీ ఆట ఆడినవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. పెన్సిల్వేనియా గనుల ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గును నగరానికీ రేవుకూ చేరవేసి అది బలిసింది. 1893లో మార్కెట్ వీధిలో పెద్ద టెర్మినల్ తెరిచింది. ఆ స్థలంలో అప్పటికే ఉన్న సంత వ్యాపారులు కదలమని భీష్మించారు. చివరికి రైళ్లు పైఅంతస్తుకు వెళ్లాయి, సంత కింద నిలిచింది. రైళ్లు పైకి చేరడానికే ఈ ఎత్తుదారి. విచిత్రమేమిటంటే టెర్మినల్‌కు రైళ్లు రావడం మానేసి దశాబ్దాలైనా కింది సంత నేటికీ కిటకిటలాడుతుంది.

ఈ ఎత్తుదారికి పడమరగా ఉన్న సిటీ బ్రాంచ్ అనే మరో రైలుదారి ఇంకా పాతది. 1834 నాటి ఫిలడెల్ఫియా-కొలంబియా రైలుమార్గం దాని మూలం. వీధులను దాటే చోట ప్రమాదాలు, రద్దీ పెరగడంతో 1890లలో దాన్ని నేల మట్టానికి దిగువన, కొంత సొరంగంలో, తిరిగి వేశారు. పక్కనే బాల్డ్విన్ ఆవిరి ఇంజన్ల కర్మాగారం ఉండేది. 1928 నాటికి అది నగరం వెలుపలి ఎడిస్టోన్‌కు తరలిపోయింది. ఆ లైనుకు చివరి ఖాతాదారు ఒక దినపత్రిక. ముద్రణాలయం ఊరి బయటికి వెళ్లాక, 1992లో న్యూస్‌ప్రింట్ మోసే వ్యాగన్లూ ఆగిపోయాయి.

ఇళ్లను వెచ్చబెట్టడానికి చమురు, గ్యాసు వచ్చాక బొగ్గు వ్యాపారం కుంగింది. సరుకు లారీలకు మళ్లింది. 1971లో రెడ్డింగ్ దివాలా తీసింది. 1976లో దాని రైళ్ల వ్యాపారం ప్రభుత్వం ఏర్పాటు చేసిన కాన్‌రైల్‌కు వెళ్లింది. 1984లో నగర మధ్యంలో కొత్త సొరంగం తెరిచి, రెడ్డింగ్ వైపు లోకల్ రైళ్లను, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే మరో పాత కంపెనీ వైపు మార్గాలతో కలిపేశారు. ఎత్తుదారితో పని తీరిపోయింది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. దివాలా తీసినా కంపెనీ చావలేదు. రైళ్లు చేజారినా కొన్ని ఆస్తులు దానికే మిగిలాయి. ఎత్తుదారిలో ప్రధాన భాగం అందులో ఒకటి. కాలక్రమంలో ఆ కంపెనీ రెడ్డింగ్ ఇంటర్నేషనల్‌గా మారి అమెరికాలోనూ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోనూ సినిమా హాళ్లు నడపసాగింది. ఫిలడెల్ఫియా వీధుల మీది తుప్పు వంతెనలకు యజమాని ఒక సినిమా హాళ్ల వ్యాపారి కావడం నా దృష్టిలో ఈ కథలోకెల్లా చెప్పుకోదగ్గ మలుపు.

వైన్ వీధి ఎక్స్‌ప్రెస్‌వే, కన్వెన్షన్ సెంటర్ కోసం ఇప్పటికే స్థలం పోగొట్టుకున్న చైనాటౌన్ నుంచి, కట్టను కూల్చి ఇళ్లు కట్టాలన్న డిమాండ్ వచ్చింది. ఉద్యానవనం వస్తే అద్దెలు పెరుగుతాయన్న వారి భయం తీసిపారేయదగ్గది కాదు. అయితే అంత రాతిని, మట్టిని తొలగించడమూ చవక కాదు.

ఎత్తుదారిని, సిటీ బ్రాంచ్‌ను కలిపి ఉద్యానవనంగా మార్చే ప్రణాళిక పేరు రైల్ పార్క్. 2018 జూన్‌లో దాని తొలి దశ తెరుచుకుంది. అది ప్రజా రవాణా సంస్థ సెప్టా చేతిలో ఉన్న చిన్న శాఖాదారి మీదే సాధ్యమైంది. మొత్తం ప్రణాళిక సుమారు ఐదు కిలోమీటర్లు. అప్పుడు పూర్తయింది దాదాపు నాలుగు వందల మీటర్లు.