ఊసరవెల్లి తినే కజ్జికాయలు

డాలస్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. ఆవిడ పన్నెండేళ్ల కొడుకు వెయిల్డ్ కెమీలియన్ అనే జాతి ఊసరవెల్లిని పెంచుతున్నాడు. కొన్న నాటి నుంచి దానికి కీచురాళ్లు తప్ప మరొకటి పెట్టలేదు. ఇప్పుడు వారం రోజులుగా అది వాటి వంక కన్ను కూడా తిప్పడం లేదట. "రోజూ ఉప్మా పెడితే పిల్లలు అలిగినట్టు ఇదీ అలిగిందా? ఇంకేం పురుగులు పెట్టమంటారు?" అని అడిగారు.

ముందుగా ఒక మాట. మన పల్లెల్లో చెట్ల మీద కనిపించే ఊసరవెల్లి వేరే జాతి. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కనుక పట్టి తెచ్చి పెంచడం నేరం. డాలస్ ఇంట్లో ఉన్న జాతి స్వస్థలం యెమెన్, సౌదీ అరేబియా. రంగులు మార్చే ముచ్చట ఎన్నోసార్లు విన్నదే కాబట్టి దాని జోలికి పోను. తిండి సంగతే తక్కువగా చెప్పుకున్నారు. ఊసరవెల్లి ఏమీ తినదని, తాగదని, గాలి మాత్రమే దాని ఆహారమని ఒకటో శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. మన పంచాంగాలు కూడా బల్లి ఏ అవయవం మీద పడితే ఏ ఫలమో వరుసగా చెబుతాయి గానీ, పడే ముందు ఆ బల్లి ఏం తిన్నదో పట్టించుకోవు.

ఇక ప్రశ్నలోకి వస్తాను. కీచురాయికి బదులు పిండిపురుగు, అది కాకపోతే అలాంటిదే పెద్ద పురుగు సూపర్‌వార్మ్, అదీ కాకపోతే డుబియా బొద్దింక పెడితే వైవిధ్యం వచ్చినట్టే అని చాలామంది అనుకుంటారు. మన కంటికి నాలుగూ నాలుగు రకాలే, కానీ ఎముక లెక్కలో అన్నీ ఒకే తాను ముక్కలు. మన ఎముకలు గాని, ఊసరవెల్లి ఎముకలు గాని కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజంతో గట్టిపడతాయి. పురుగుకు ఎముకలు లేవు. దాని పెంకు కైటిన్ అనే గట్టి పదార్థం, ప్రోటీన్లతో అల్లినది, అందులో సున్నం దాదాపు ఉండదు. కీచురాయి ఒంట్లో కాల్షియం కన్నా భాస్వరం సుమారు 7 రెట్లు, పిండిపురుగులో 15 రెట్లకు పైగా ఉంటుంది. ఊసరవెల్లికి కావలసినది దీనికి తలకిందులుగా, భాస్వరం కన్నా కాల్షియం ఎక్కువగా ఉన్న తిండి. అది అందనప్పుడు రక్తంలో కాల్షియం తగ్గుతుంది, పారాథైరాయిడ్ గ్రంథి మేల్కొని ఎముకల్లోంచి కాల్షియం కరిగించి రక్తంలోకి పంపుతుంది. క్రమంగా దవడ మెత్తబడి కాళ్లు విల్లులా వంగుతాయి. కొమ్మను పట్టుకునే పట్టు సడలుతుంది. కండరం బిగియడానికి కూడా కాల్షియమే కావాలి కనుక, బాణంలా దూసుకుపోవలసిన నాలుక సగం దారిలోనే ఆగిపోతుంది.

ఈ చిక్కుకు పెంపకందార్లు కనిపెట్టిన ఉపాయం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. దాన్ని వాళ్లు గట్ లోడింగ్ అంటారు, నేను కజ్జికాయ పద్ధతి అంటాను. కజ్జికాయకు పైన పిండి పొర, లోపల పూర్ణం ఉంటాయి. పురుగు శరీరం పిండి పొర వంటిది, దాన్ని మనం మార్చలేం. కాని దాని పేగుల్లో ఉన్న పూర్ణం ఏమిటన్నది మన చేతిలో ఉంది. నిన్న కీచురాయి తిన్నదే ఇవాళ ఊసరవెల్లి తింటుంది. దుకాణం నుంచి డబ్బాలో వచ్చిన కీచురాయి ఒక ఆలుగడ్డ ముక్కతో రెండు మూడు రోజులు గడిపి వచ్చి ఉంటుంది కాబట్టి అది వట్టి కజ్జికాయే.

ఈ పోలికను ఇంకొంచెం దూరం లాగితే దీనిలోని మెలికలన్నీ బయటపడతాయి. పూర్ణం ఎంతో కాలం నిలవదు. కీచురాయి తిన్నది ఒకరోజులోనే బయటికి పోతుంది కనుక మేత తిన్న వెంటనే వడ్డించాలి. పూర్ణంలో సరుకు కూడా చిక్కగా ఉండాలి. మామూలు ఓట్సు, తవుడు, క్యారట్ ముక్కలు పెడితే భాస్వరం లెక్క తిరగబడదు. పొడి మేత బరువులో కాల్షియం సుమారు 8 శాతం ఉంటేనే ఫలితం కనబడుతుంది. అంత సున్నం ఉన్న మేతను ఒకటి రెండు రోజులకు మించి పెడితే కీచురాళ్లే చచ్చిపోతాయి, అంటే పూర్ణం ఎక్కువై కజ్జికాయ పగిలినట్టన్నమాట. తెలుగువారి వంటింట్లో దండిగా దొరికే పాలకూర, తోటకూర దీనికి పనికిరావు. వాటిలోని ఆక్సలేటు కాల్షియాన్ని పట్టుకుని వదలదు. ఆవాకు, మునగాకు మేలు. ఇక కజ్జికాయ మీద పంచదార పొడి చల్లినట్టు పురుగును కాల్షియం పొడిలో దొర్లించే పద్ధతి ఉన్నది. గిన్నెలో వేసి ఊపితే కీచురాయి తెల్లగా, సున్నం కొట్టిన గోడలా తయారవుతుంది. అయితే అది ఊరుకోదు. మీసాలను ఒక్కొక్కటిగా నోటిలోకి లాక్కుని, కాళ్లు రుద్దుకుని, కొద్ది గంటల్లో మళ్లీ నల్లగా తేలుతుంది. ఊసరవెల్లి ఆలస్యంగా తింటే ఆ పొడి ఫలం దక్కదు.

పూర్ణం మారిస్తే పై పొర రంగు కూడా మారే సందర్భం ఒకటుంది. అమెరికాలో టమాటా, పొగాకు తోటలను తినే హార్న్‌వార్మ్ అనే గొంగళిపురుగు తోటలో పచ్చగా ఉంటుంది, దుకాణంలో మాత్రం నీలంగా ఉంటుంది. దాని ఒంట్లో ఇన్‌సెక్టిసయానిన్ అనే నీలి ప్రోటీన్ తయారవుతుంది. ఆకుల నుంచి వచ్చే కెరోటినాయిడ్లు అనే పసుపు రంగు పదార్థాలు దానితో కలిస్తే పచ్చ. కృత్రిమ మేతలో ఆ పసుపు లేకపోతే నీలం మిగిలిపోతుంది. నీళ్లు ఎక్కువ, కొవ్వు తక్కువ గనుక ఒంట్లో తడి తగ్గిన ఊసరవెల్లికి ఇది మంచి తిండి. కాని తోటలో పట్టినది పెట్టకూడదు, ఎందుకంటే పొగాకు, టమాటా ఆకుల్లోని విషాలు దాని పూర్ణంలో ఉంటాయి. మన జిల్లేడు చెట్టు మీద పెరిగే చారల గొంగళిపురుగుల సంగతీ ఇంతే. మిణుగురుల విషం ఇంకా తీవ్రమైనది. ఒక్క మిణుగురు చాలు, బియర్డెడ్ డ్రాగన్ వంటి పెంపుడు తొండ చనిపోవడానికి.

పై పొరలోనే సున్నం ఉన్న జీవి ఒకటుంది, బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగు. దాని చర్మంలో కాల్షియం కార్బొనేట్ పేరుకుని ఉంటుంది. కాల్షియం భాస్వరం కన్నా సుమారు రెండున్నర రెట్లు. అయితే ఆ చర్మం పగలాలి. మౌంటెన్ చికెన్ అనే కప్పలు వీటిని నమలకుండా మింగుతాయి గనుక సున్నంలో సగానికి పైగా వాటి ఒంటికి పట్టలేదు. ఊసరవెల్లి నాలుకతో లాక్కున్నాక పళ్లతో కరకర నమిలే మింగుతుంది, కాబట్టి దీనికి ఆ ఇబ్బంది తక్కువ.

ఎంత కాల్షియం పెట్టినా విటమిన్ డి3 లేకుండా అది పేగు గోడ దాటడం కష్టం. అతినీలలోహిత కిరణాల్లో 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉన్నవి చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థాన్ని విటమిన్‌కు ముందు రూపమైన ప్రీవిటమిన్‌గా మారుస్తాయి, ఆపైన ఒంటి వెచ్చదనం దాన్ని డి3గా మారుస్తుంది. తిండిలో డి3 తక్కువైన పాంథర్ కెమీలియన్లు అనే మరో జాతి ఊసరవెల్లులు తమంత తాము ఎక్కువసేపు ఆ కాంతిలో కూర్చుంటాయని 2009లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఇంట్లో పెంచే ఊసరవెల్లికి ఆ కిరణాలు ఇచ్చేది దాని గూటిలోని ప్రత్యేక దీపం. తిండి, దీపం రెండూ ఒకే లెక్కలోవి కనుక, దీపం పాతబడి ఆ కిరణాలు తగ్గితే పురుగుల రకాలు ఎన్ని పెంచినా ప్రయోజనం ఉండదు.

పాఠకురాలి ఊసరవెల్లి అలక సంగతికి వస్తే, ముందు దీపం, వేడి సరిచూడాలి. కళ్లు లోపలికి పోయినా, దవడ మెత్తబడినా సరీసృపాల వైద్యునికి చూపించాలి. ఇవేవీ కాకుంటే ఒకటి రెండు రోజులు ఏమీ పెట్టకుండా ఉండి, పట్టుపురుగుతో మొదలుపెట్టమంటాను. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు తెలుసు, అది మల్బరీ ఆకు తప్ప ముట్టదు. గూడు కట్టే ముందరి ఐదో దశ పురుగును వెలుతురుకు పట్టి చూస్తే పల్చని చర్మం లోపల ముదురు ఆకుపచ్చ పూర్ణం, వీపు పొడుగునా అలలా కదిలే నాడి కనిపిస్తాయి. వాటిలో రెండింటిని గూడు కట్టనిస్తే రెండు వారాలు అటూ ఇటూగా తెల్లని చిమ్మటలు వస్తాయి. అవి ఎగరలేవు, కొమ్మ మీద కూర్చుని రెక్కలు టపటపలాడించడమే వాటి పని. ఎంత అలిగిన ఊసరవెల్లి కన్నయినా ఆ కదలికకు తిరుగుతుంది. కాని ఆ చిమ్మటకు తినే నోరే లేదు, పేగులో ఏమీ ఉండదు, అది పూర్ణం లేని కజ్జికాయ. అలక తీరేందుకు ఒకటి పెట్టి, మర్నాడు మళ్లీ మునగాకు తిన్న కీచురాయినే వడ్డించాలి.