వైరస్ లొంగింది, సిగరెట్ లొంగలేదు

హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మాత్రలు ఏళ్ల తరబడి మానకుండా వేసుకుంటున్నారు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయింది. ఇంత శ్రద్ధగా ఉన్న మనిషి జేబులోనే సిగరెట్ పెట్టె ఉండటం హెచ్‌ఐవీ క్లినిక్‌లలో అరుదేమీ కాదు.

ఆ పెట్టె ఖరీదెంతో డెన్మార్క్ పరిశోధకులు లెక్కగట్టారు. చికిత్సలో ఉంటూ పొగతాగే 35 ఏళ్ల హెచ్‌ఐవీ బాధితుడి ఆయుష్షులో వైరస్ హరించేది 5.1 ఏళ్లు, పొగ హరించేది 12.3 ఏళ్లు. వైరస్ అణిగినా ఒంట్లో సన్నని వాపు (ఇన్‌ఫ్లమేషన్) నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. పొగ దాన్ని ఎగదోస్తుంది. గుండెజబ్బు, క్షయ, న్యుమోనియా, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

తెలిసీ ఎందుకు మానరు? 1996లో శక్తిమంతమైన మందుల కలయికలు రాకముందు ఈ జబ్బుకు ఆశే లేదు. ‘ఎలాగూ పోయేవాణ్ణి, ఉన్న ఒక్క సుఖం ఎందుకు వదలాలి’ అన్న మాట అప్పటిది. మందులు మారినా ఆ మాట ఇంకా చాలామంది మనసులో ఉండిపోయింది. దానికి తోడు కుంగుబాటు, లోకం వేసే నింద.

ఇంకో చిక్కు కాలేయంలో ఉంది. నికోటిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు ఉరకలెత్తిస్తుంది. మామూలుగా రెండు గంటల్లో సగమయ్యే నికోటిన్ ఇంకా ముందే ఖాళీ అవుతుంది, మళ్లీ సిగరెట్ మీదికి మనసు పోతుంది. అలాంటివాళ్లను పట్టుదల లేదని తిట్టడం అన్యాయం. సిగరెట్ మానడానికి వాడే బ్యుప్రోపియాన్ అనే మందునూ ఎఫావిరెంజ్ ఇలాగే పలచన చేస్తుంది.

సిగరెట్ మానడానికే వాడే మరో మాత్ర వరెనిక్లిన్‌కు ఆ బెడద దాదాపు లేదు. ఇది చాలావరకు కాలేయం జోలికి పోకుండా మూత్రంలో వెళ్లిపోతుంది. మెదడులో నికోటిన్ కూర్చునే చోట తాను కూర్చుని, తహతహను కొంత తీరుస్తుంది, సిగరెట్ రుచిని చప్పబరుస్తుంది. ఫ్రాన్స్‌లో 248 మంది హెచ్‌ఐవీ బాధితులపై చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఏడాది దగ్గర పడేదాకా పొగ ముట్టనివారు ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో 15 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 6 శాతం. రెట్టింపు దాటింది, నిజమే. కానీ మిగతా 85 శాతం మంది సంగతి? అందుకే మాత్రతో పాటు మాట్లాడే మనిషీ కావాలి.

ఆ మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. మందుల కోసం వచ్చినప్పుడల్లా ‘ఏ పూటైనా మరిచిపోయారా?’ అని అడిగే కౌన్సెలరే ‘సిగరెట్ సంగతేమిటి?’ అనీ అడగవచ్చు. ఏళ్లుగా వేళ తప్పకుండా మాత్ర మింగుతున్న చేతికి, 12 వారాల పాటు పక్కన ఇంకోటి పెద్ద బరువు కాదు.