బయాప్సీ స్లైడ్ మీద ఆ గులాబీ రంగు ఎక్కడిది?

పాథాలజీ పుస్తకాల్లో గులాబీ, ఊదా బొమ్మలు చూసి మన ఒంట్లో కణాలు నిజంగానే అలా ఉంటాయనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ రంగుల్లో ఏదీ కణానిది కాదండీ. బయాప్సీ ముక్కని, అంటే పరీక్ష కోసం ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కని, కుళ్ళిపోకుండా ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో దిమ్మ కట్టించి, మైక్రోటోమ్ అనే కోత మిషను మీద 4 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) మందాన కోస్తే వచ్చే పొరకి దాదాపు రంగే ఉండదు, దాన్ని అలాగే మైక్రోస్కోప్ కింద పెడితే ఎంత పెద్ద డాక్టరుకైనా క్యాన్సరో కాదో తేల్చడం కష్టమే.

ఆ గులాబీ పేరు ఇయోసిన్. 1870ల్లో జర్మనీలో హైన్రిక్ కారో చేసిన రంగు ఇది, డాక్టర్ల కోసం కాదు, బట్టల అద్దకం కోసం. అంతకుముందు 1856లో లండన్‌లో 18 ఏళ్ళ విలియం పెర్కిన్ తారు నుంచి తీసిన సరుకుతో క్వినైన్ చేద్దామని కుస్తీ పడుతుంటే మందు రాలేదు గానీ ఊదా రంగు వచ్చింది, ఇంక యూరప్‌లో రంగుల ఫ్యాక్టరీలు వరస కట్టాయి, ఆ సీసాలే పాల్ ఎర్లిష్ లాంటి డాక్టర్ల బల్లల మీదకి చేరాయి.

ఏ రంగు ఎక్కడ అంటుకుంటుందనేది చాలావరకు ఛార్జి వ్యవహారం. ఇయోసిన్‌ది నెగటివ్ ఛార్జి, అందుకే పాజిటివ్‌గా ఉన్న ప్రోటీన్లని పట్టుకుంటుంది, కేంద్రకం చుట్టూ ఉండే సైటోప్లాజం, కణాల మధ్య నారలా ఉండే కొలాజెన్ గులాబీ అవుతాయి. మిథిలీన్ బ్లూది పాజిటివ్, అది డీఎన్ఏ, ఆర్ఎన్ఏల వైపు పోతుంది. ఇక బయాప్సీ స్లైడ్‌లో కేంద్రకాలకి పట్టే ఊదా రంగు ఉందే, హెమటాక్సిలిన్, అది మాత్రం ఫ్యాక్టరీ సరుకు కాదు, ఇప్పటికీ మెక్సికో వైపు పుట్టిన లాగ్‌వుడ్ చెట్టు చేవలోంచే వస్తుంది. దానంతటది సరిగా పట్టదు, పటిక కలపాలి. మన కలంకారీలో ఎర్ర రంగు నిలవడానికి వాడేదీ ఆ పటికే, అల్యూమినియం మధ్యలో ఉండి రంగుని పట్టి ఉంచుతుంది.

నాకు వీటన్నిటికంటే ముచ్చటగా అనిపించేది టీబీకి చేసే తెమడ పరీక్ష. 1882లో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని చూపించాక జీల్, నీల్సన్ అనే ఇద్దరు జర్మన్లు సరిచేసిన పద్ధతి ఇది. స్లైడ్ మీద కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి కింద నుంచి సెగ పెడతారు, ఆవిరి లేవాలి గానీ మరగకూడదు, 5 నిమిషాలాగి కడిగి 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తారు. మిగతా కణాలన్నీ రంగు వదిలేస్తాయి, టీబీ క్రిమి వదలదు, దాని గోడ నిండా మైనం లాంటి మైకోలిక్ యాసిడ్ ఉంటుంది కదా, వేడికి లోపలికి పోయిన రంగుని యాసిడ్ కూడా బయటికి లాగలేదు. పైన మిథిలీన్ బ్లూ వేస్తే నీలం మధ్యలో సన్నటి ఎర్ర పుల్లలు కనబడతాయి. లేవు అని రాయాలంటే కనీసం 100 ఫీల్డులు (ఒక్కసారికి మైక్రోస్కోప్‌లో కనబడే మేర ఒక ఫీల్డు) వెతకాలి, టెక్నీషియన్ల కళ్ళు పోయేది ఇక్కడే. ఇప్పుడు జన్యు పరీక్షలు వచ్చాయి, అయినా ఈ స్లైడ్ పూర్తిగా పోలేదు, ఖర్చు తక్కువ మరి.

పాత రంగులతో ఒక తలనొప్పి ఉండేది, బట్టల కోసం చేసినవి కాబట్టి స్వచ్ఛత ఉండేది కాదు, ఒక సీసాకి వచ్చిన రంగు ఇంకో సీసాకి వచ్చేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి సరుకు ఆగిపోయాక అమెరికావాళ్ళు 1920ల్లో ఏకంగా స్టెయిన్ల (స్లైడ్‌కి పట్టించే రంగుల) నాణ్యత చూడ్డానికే ఒక కమిషన్ పెట్టుకున్నారు. ల్యాబ్‌లో ఇయోసిన్ వై సీసా ఎప్పుడైనా దొరికితే లేబుల్ చూడండి, సీఐ 45380 అని ఉంటుంది, ఆ నంబరిచ్చింది డాక్టర్లు కాదు, అద్దకంవాళ్ళ రంగుల జాబితా, కలర్ ఇండెక్స్ (సీఐ).