బతుకమ్మ మీద గీసిన శంఖం: పూల లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

ఏటా బతుకమ్మ పండుగ దగ్గరపడగానే నా ఫోనులో ఒక బొమ్మ వచ్చిపడుతుంది. పేర్చిన బతుకమ్మ మీద శంఖంలా చుట్టుకున్న ఒక గీత, దాని కింద 'ప్రకృతి రహస్యం 1.618' అన్న అక్షరాలు. పంపేవాళ్లలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్లే. హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నాను కాబట్టి ఈ తప్పులో నా వాటా కూడా ఉందేమోనని అనుమానం. అన్నట్టు, బతుకమ్మలో పూల వరుసలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గుండ్రాలు. అందులో శంఖం చుట్ట ఎక్కడా లేదు.

అపోహ: ప్రతి పువ్వుకూ ఉండే రేకుల సంఖ్య ఫిబొనాచి సంఖ్యే.

1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55... ముందున్న రెండింటినీ కలిపితే తర్వాతిది వచ్చే వరుస ఇది. ఇందులో పెద్ద సంఖ్యను దాని ముందున్నదానితో భాగిస్తే దాదాపు 1.618 వస్తుంది, దాన్నే స్వర్ణ నిష్పత్తి అంటారు. తంగేడుకు 5 రేకులు, గుమ్మడికి 5, మందారానికి 5, నందివర్ధనానికి 5. ఇక్కడితో ఆగిపోతే నిజమే అనిపిస్తుంది. పూతకొచ్చిన ముల్లంగి మడిలోకి వెళ్లండి: 4. ఆవ పువ్వుకూ 4. నూరువరహాల గుత్తిలో ఏది తెంపినా దాదాపు 4 రేకులే. ఉల్లి పువ్వుకు 6. పొద్దున్నే పారిజాతాలు ఏరుకొచ్చి లెక్కపెడితే ఒకదానికి 5, ఇంకోదానికి 7, పక్కదానికి 6. ఆరంటే రెండు మూళ్లే కదా మేడం అని వాదించేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. ఉల్లి విషయంలో వాడి మాట సరైనదే, అవి మూడేసి చొప్పున రెండు వరుసలు. కానీ అలా విడదీసుకుంటూ పోతే ఈ వరుసలో ఇమడని సంఖ్యంటూ ఏదీ మిగలదు.

బంతి, చామంతి రేకులు లెక్కపెట్టి పంపేవాళ్లకు ఒక మాట: మీరు రేకు అనుకుని తుంచింది ఒక పూర్తి పువ్వు. బంతి అంటే ఒక పువ్వు కాదు, పూల గుంపు.

అపోహ: పొద్దుతిరుగుడు మాత్రం లెక్క తప్పదు.

సిద్దిపేట వైపు నుంచి వచ్చే విద్యార్థి ఒకడు గింజ పట్టిన పొద్దుతిరుగుడు తలలు నాలుగు గోనెసంచిలో వేసుకొచ్చాడు. మీద ఎండిన పూత దులిపేసి, అంచున ఒక గింజ మీద చుక్క పెట్టించి, కుడివైపు తిరిగే వరుసలను ఒక రంగు స్కెచ్ పెన్నుతో, ఎడమవైపు తిరిగేవాటిని మరో రంగుతో గీయించాను. మొదటి రెండింటిలో 34, 55 వచ్చాయి. మూడోదాన్ని పురుగు తినేసింది, వరుసలు అందలేదు. నాలుగోదాన్ని లెక్కపెట్టిన అమ్మాయి 47 అని రాసుకుని, తప్పు చేశానేమోనని కొట్టేయబోయింది. ఆపి మళ్లీ లెక్కపెట్టించాను. ఒకవైపు 47, రెండోవైపు 76. ఆమె లెక్క సరైనదే. 1, 3, 4, 7, 11, 18, 29, 47, 76 అని నడిచే లూకాస్ వరుస అది. కూడిక పద్ధతి అదే, మొదలు మాత్రం వేరు.

గణిత మేధావి అలన్ ట్యూరింగ్ చివరి రోజుల్లో ఈ చిక్కు మీదే పనిచేశాడు. ఆయన శతజయంతి సందర్భంగా 2012లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఉన్న సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం వాళ్లు జనం చేత పొద్దుతిరుగుళ్లు పెంచించి, 657 తలలు లెక్కపెట్టించారు. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎక్కువ భాగం ఫిబొనాచివే. సుమారు ఐదింట ఒకటి మాత్రం కాదు: కొన్ని లూకాస్, కొన్ని ఏ వరుసకూ చెందనివి. పాఠ్యపుస్తకంలో చక్కటి తల బొమ్మ ఒక్కటే వేస్తారు, మిగతావి పొలంలోనే ఉండిపోతాయి.

అపోహ: అందం కోసమో, ప్రతి ఆకుకూ ఎండ తగలాలనో మొక్క ఈ లెక్క వేసుకుంటుంది.

పరకాల వైపో నర్సంపేట వైపో వెళ్తే ఒక పత్తి చేలో దిగండి. ప్రధాన కాండం మీద కింది ఆకు తొడిమకు దారం కట్టి, ఒక్కో ఆకునూ తాకిస్తూ పైకి చుట్టండి. దారం మూడు చుట్లు తిరిగేసరికి తొమ్మిదో ఆకు సరిగ్గా మొదటి ఆకు మీదికి వస్తుంది. మూడు చుట్లకు ఎనిమిది ఆకులు, అంటే ఆకుకూ ఆకుకూ మధ్య 135 డిగ్రీలు. పూర్తి చుట్టును స్వర్ణ నిష్పత్తిలో విడదీస్తే వచ్చే చిన్న కోణం, అందరూ చెప్పుకునే స్వర్ణ కోణం 137.5 డిగ్రీలకు ఇది దగ్గరే. మరి ఎండ కోసమే అయితే టేకు, జిల్లేడు, తులసి ఆకులు జంటలు జంటలుగా ఎందుకు వస్తున్నాయి? మొక్కజొన్న రెండే వరుసల్లో ఎందుకు వేస్తోంది? ఎండకు కొరత లేని ఈ నేలలో ఇవన్నీ హాయిగా బతుకుతున్నాయి.

అసలు సంగతి కొన చిగురులో జరుగుతుంది. చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని తాంబాలంలో గునుగు పేర్చేటప్పుడు ఏ పువ్వు ఎక్కడ పెట్టాలో తోచేది కాదు. "సందు కనబడ్డ చోట పెట్టు బిడ్డా" అనేది అమ్మ. 1868లో జర్మన్ శాస్త్రవేత్త హాఫ్‌మైస్టర్ చిగురు గురించి రాసిన సూత్రమూ దాదాపు ఇదే: ముందు పుట్టిన మొలకల మధ్య ఎక్కడ ఎక్కువ ఖాళీ ఉంటే కొత్త మొలక అక్కడ లేస్తుంది. ముందు పుట్టింది ఆక్సిన్ అనే హార్మోనును తనవైపు లాగేసుకుంటుంది, కొత్తదానికి దూరం జరగక తప్పదు. 1992లో డువాడీ, కూడర్ అనే ఇద్దరు ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్తలు అయస్కాంత ద్రవం చుక్కలను ఒక్కొక్కటిగా నూనెలో వదిలారు. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇవే చుట్టలు కట్టాయి. ఆ చుక్కలకు ప్రాణం లేదు, ఎండతో పనీ లేదు.

అపోహ: ఈ సంఖ్యలను ఫిబొనాచి పూలలో కనిపెట్టాడు.

1202లో ఈ ఇటలీ గణితవేత్త రాసింది కుందేళ్లు ఎన్ని జతలవుతాయన్న లెక్క. దానికి ముందే మనవాళ్లు ఛందస్సులో ఇదే లెక్క వేశారు. విరహాంకుడు, గోపాలుడు, 1150 ప్రాంతంలో హేమచంద్రుడు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని రకాలుగా నింపవచ్చు? గగ, గలల, లగల, లలగ, లలలల: ఐదు రకాలు. తెలుగు మాస్టారి దెబ్బలు తిన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కంద పద్యానికి చెల్లే గగ, భ, జ, స, నల గణాలు ఇవే. మూడు మాత్రలకు 3, నాలుగింటికి 5, ఐదింటికి 8. బమ్మెర మనకు కూతవేటు దూరమే. పోతన కందాల్లో ప్రతి గణమూ ఈ ఐదింట్లోదే.

అపోహ: 1.618 ఉంటేనే అందం.

1876లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫెక్నర్ జనానికి దీర్ఘచతురస్రాలు చూపించి, స్వర్ణ నిష్పత్తి ఉన్నదాన్నే ఎక్కువ మంది ఇష్టపడ్డారన్నాడు. తర్వాతి ప్రయోగాల్లో అది నిలకడగా తేలలేదు. తంగేడునే తీసుకోండి, మన రాష్ట్ర పుష్పం. దగ్గరగా పట్టి చూస్తే ఐదు రేకులూ ఒకటిగా ఉండవు. కేసరాల్లో కొన్ని పొట్టివి, కొన్ని పొడుగ్గా ముందుకు వంగి ఉంటాయి. కొలబద్దతో కూర్చుంటే ఏదో రెండు కొలతల మధ్య 1.6 దొరకకపోదు, మీ చెప్పులోనూ దొరుకుతుంది.

గునుగునూ కోడిజుట్టు పువ్వునూ పక్కపక్కన పెట్టి చూడమని పిల్లలకు చెబుతుంటాను. రెండూ ఒకే జాతి మొక్కలు. గునుగులో చిగురు కొన ఒక్క బిందువుగా ఉండి, పూలు వరుసగా కంకి కడతాయి. కోడిజుట్టులో ఆ కొన అడ్డంగా సాగిపోయి, ముడతలు పడి, ఎటు పెరగాలో తెలియనట్టు మెలికలు తిరుగుతుంది. శాస్త్రం దాన్ని ఎదుగుదలలో లోపంగా లెక్కేస్తుంది. పండుగ ముందురోజు పూల అంగట్లో నిలబడి చూడండి, బేరమాడే ఆడవాళ్లు కుప్పలోంచి ఎక్కువ ముడతలు పడ్డదాన్నే ఏరి తీసుకుంటారు. నేనూ అంతే.