పది వేల కిలోమీటర్లంటే ఏ పది వేలు? కారు సర్వీసు, విడిభాగాలపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మన వాళ్ల కార్లు వారమంతా సిల్క్ బోర్డుకీ హెబ్బాళ్‌కీ మధ్య ఫస్టు గేరు, సెకండు గేరులో ఈడుస్తూ ఉంటాయి. పండక్కో పెళ్లికో ఊరు బయల్దేరితే అదే బండి అనంతపురం, కర్నూలు మీదుగా ఒకే రోజులో నాలుగైదు వందల కిలోమీటర్లు పరిగెత్తుతుంది. ఈ రెండు రకాల వాడకాన్నీ మీటరులోని అంకెతోనే కొలవడం వల్ల చాలా అపోహలు పుడుతున్నాయి. ఏ సామాను దేనివల్ల అరుగుతుందో తెలిస్తే ఎప్పుడు మార్చాలో కూడా తెలిసిపోతుంది.

అపోహ: "బండి ఏడాదికి నాలుగు వేలే తిరిగింది, ఆయిల్ వచ్చే ఏడాది మార్పిద్దాం."

చాలా పెట్రోల్ కార్ల మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అని ఉంటుంది. ఆ 12 నెలల మాటకి కారణం ఉంది. ఇంజన్ నడిచినప్పుడల్లా కొంత నీటి ఆవిరి, కొంత కాలని పెట్రోలు పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి ఆయిల్‌లో కలుస్తాయి. ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఓ అరగంట అలాగే నడిస్తే అవి ఆవిరై పోతాయి. ఇంటి నుంచి స్కూలుకి రెండు కిలోమీటర్లు, అక్కణ్ణుంచి కూరగాయలకి ఇంకో కిలోమీటరు తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడండి. మజ్జిగ రంగులో జిగురు అంటుకుని ఉంటే అది తేమ కలిసిన ఆయిల్. మూతకే ఉంటే చిన్న ప్రయాణాల ఫలితమే కావచ్చు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు కనిపించి, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగాన్ని మూసి ఉంచే సీలు) పోయిందని అనుమానించాలి. అప్పుడు బండి స్టార్టు చేయకుండా మెకానిక్‌ని పిలవండి.

ట్రాఫిక్ లెక్క కూడా చూడండి. గంటకు సగటున 15 కిలోమీటర్ల వేగంతో 10,000 కిలోమీటర్లు తిరగాలంటే ఇంజన్ 660 గంటలకు పైగా నడవాలి. హైవే మీద సగటున 70 వేగంతో అదే దూరానికి సుమారు 143 గంటలు చాలు. మీటరు మీద రెండూ ఒకటే, ఆయిల్‌కి మాత్రం నాలుగున్నర రెట్లు ఎక్కువ పని. అందుకే చాలా మాన్యువల్స్‌లో కఠినమైన వాడకానికి విడిగా ఒక పట్టిక ఉంటుంది. చిన్న దూరాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము రోడ్లు అన్నీ అందులోకే వస్తాయి. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకి వెళ్లే బండికి వర్తించేది ఆ పట్టికే. సర్వీసు అడ్వైజర్ దాని ఊసెత్తకపోతే మీరే తెరిచి చూపించండి.

బీఎస్6 డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచి, వేడి చాలినప్పుడు కాల్చేస్తుంది. అలా కాల్చడానికి ఇంజన్ కాస్త అదనంగా డీజిల్ చిమ్ముతుంది. మధ్యలో ఇల్లు వచ్చేసిందని ఇంజన్ ఆపేస్తే ఆ పని సగంలో ఆగిపోతుంది. ఇలా పదే పదే జరిగితే మిగిలిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. మ్యాక్స్ గీత దాటిందంటే ఆయిల్ పలచబడిందన్నమాట, వెంటనే మార్పించాలి. డీపీఎఫ్ లైటు వెలిగితే ఆ రోజే నైస్ రోడ్డు మీదో, ఎయిర్‌పోర్టు రోడ్డు మీదో మాన్యువల్ చెప్పిన వేగంతో ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. ఈ ఇంజన్లకి బూడిద తక్కువ వదిలే ఆయిలే పోయాలి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లోనే పేరుకుంటుంది, అది కాలి పోయేది కాదు.

అపోహ: "మనది వేడి దేశం, చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్ ఎక్కువ కాలం వస్తుంది."

0డబ్ల్యూ-20 (పలచటి ఆయిల్ గ్రేడు) అని రాసి ఉన్న ఇంజన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. నడుస్తున్న ఇంజన్‌లో ఆయిల్ ఎలాగూ వంద డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. బయట బెంగళూరు చలా, కర్నూలు ఎండా అన్నది అక్కడ పెద్ద తేడా తేదు. బేరింగుల సందులు, ఆయిల్ పంపు, వాల్వ్ టైమింగ్‌ని మార్చే సన్నటి ఆయిల్ దారులు అన్నీ ఆ గ్రేడు చిక్కదనానికే కొలిచి చేసినవి. చిక్కటి ఆయిల్ పొద్దున స్టార్టు చేయగానే పైకి చేరడానికి ఆలస్యం చేస్తుంది. ఇంజన్ అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ మొదటి క్షణాల్లోనే.

ఎక్కువ పోయడం కూడా మేలు కాదు. చిన్న నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌కి ఫిల్టర్‌తో కలిపి మూడు నుంచి మూడున్నర లీటర్లు పడుతుంది. డబ్బాలో మిగిలిందని నాలుగో లీటరు కూడా వంపేస్తే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్‌తో ప్రెషర్ పడిపోతుంది. డ్రెయిన్ బోల్టు కింది వాషర్ ప్రతిసారీ కొత్తది వేయించండి. నలిగిన పాత వాషర్‌తో కారకుండా ఉండాలని బోల్టుని అతిగా బిగిస్తారు, దాంతో ఆయిల్ నిలిచే అల్యూమినియం సంప్ మరలు పోతాయి.

ఆయిల్ నల్లబడితే పాడైనట్టేనా అని చాలామంది అడుగుతారు. కాదు. డీజిల్ ఇంజన్‌లో మార్చిన కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే.

అపోహ: "బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తే చాలు, మార్చక్కర్లేదు."

ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే, అందుకే కాస్త వివరంగా. బ్రేక్ ఆయిల్, అంటే బ్రేక్ ఫ్లూయిడ్, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిన దానికి ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. ఊళ్లో ఈ తేడా తెలియదు. నంది హిల్స్ నుంచో, హార్స్‌లీ హిల్స్ నుంచో, తిరుమల కొండ మీంచో బ్రేకు మీద కాలు తీయకుండా దిగినప్పుడు తెలుస్తుంది. చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్‌లో ఫ్లూయిడ్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తబడి నేలకి తగులుతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లే, ఎందుకంటే తేమ కిలోమీటర్లు చూసి చేరదు. ఘాట్ దిగేటప్పుడు సెకండు గేరులో పెట్టి ఇంజన్‌తోనే వేగం ఆపండి.

బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం తగ్గిందంటే ముందు బ్రేక్ ప్యాడ్లు చూడాలి. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్ బయటికి వచ్చి ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ దిగుతుంది. చూడకుండా పైన పోసేస్తే, కొత్త ప్యాడ్లు వేసే రోజు పిస్టన్ వెనక్కి నొక్కగానే అది పొంగి బాడీ పెయింటుని తినేస్తుంది. ప్యాడ్లు బాగానే ఉండి మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. ఆ బండిని నడపకూడదు.

ప్యాడ్ మెటీరియల్ 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చే సమయం. చక్రం విప్పినప్పుడు లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. ఒకటి 6 మిల్లీమీటర్లు, ఇంకొకటి రేకు దాకా అరిగి ఉంటే తప్పు ప్యాడ్‌ది కాదు. కాలిపర్ జరిగే స్లైడ్ పిన్ను పట్టేసింది. దాన్ని లాగి, తుప్పు తుడిచి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాయాలి. చేతికందిన మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూటు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. ఈ పావుగంట పని చేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి. ప్రతి సర్వీసులోనూ డిస్కులు తోడించడం (లేత్ మీద పైపొర గీయించి చదును చేయడం) కూడా అక్కర్లేదు. డిస్కు మీదే కనీస మందం చెక్కి ఉంటుంది. తోడిన ప్రతిసారీ ఆ హద్దుకి దగ్గరవుతారు.

అపోహ: "కూలెంట్‌కి బదులు మంచినీళ్లు పోసినా అంతే."

సర్జాపూర్, వైట్‌ఫీల్డ్ వైపు ట్యాంకరు, బోరు నీళ్లు బకెట్ల మీద ఎలా తెల్లగా పేరుకుంటాయో చూసేవుంటారు. రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. కూలెంట్‌లోని గ్లైకాల్ మరిగే స్థాయిని పెంచుతుంది, అందులోని రసాయనాలు అల్యూమినియం తుప్పు పట్టకుండా చూస్తాయి. నీళ్లు ఆ రెండూ చేయవు. కలిపి పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. రంగు చూసి రకం తేల్చకండి. ఎరుపు, ఆకుపచ్చ అనేవి కంపెనీలు వేసే రంగులే, మాన్యువల్‌లో చెప్పిన స్పెసిఫికేషన్ చూడాలి.

అపోహ: "ఏసీ చల్లగా లేదంటే గ్యాస్ అయిపోయినట్టు."

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. అది కనిపెట్టకుండా నింపితే డబ్బు గాలిలో కలిపినట్టే. అంతకుముందు గ్లవ్ బాక్సు వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. మెట్రో పనుల దుమ్ముకి అది ఏడాదిలోపే మూసుకుపోతుంది. చాలా కార్లలో పనిముట్లు లేకుండా ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. గాలి దిశ చూపే బాణం గుర్తు సరిగ్గా పెడితే చాలు. ఇంజన్ ఎయిర్ ఫిల్టర్‌ని మాత్రం కంప్రెసర్ గాలితో దగ్గరగా పెట్టి ఊదించకండి. కాగితం చిల్లిపడితే దుమ్ము నేరుగా సిలిండర్లోకే.

అపోహ: "ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలి, లేకపోతే పేలతాయి."

సరిగ్గా తిరగేసి చెప్పిన మాట ఇది. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా మడత పడుతుంది, ఆ మడతలతోనే లోపల వేడి పుడుతుంది. మే నెలలో 44వ నంబరు హైవే మీద టైర్లు పేలడానికి ఇదొక ప్రధాన కారణం. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న అంకె ప్రకారం, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి పట్టించండి. నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే అదే స్టిక్కరు మీద ఫుల్ లోడు అంకె ఉంటుంది. టైరు మీద ఉండే గరిష్ఠ ప్రెషర్ అంకె మీ కోసం కాదు. నైట్రోజన్ వల్ల నష్టం లేదు, మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంటుంది. డబ్బు కట్టి పట్టించడం కన్నా పదిహేను రోజులకోసారి కొలవడం ముఖ్యం.

టైరు వయసు పక్కగోడ మీదున్న నాలుగంకెల్లో ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే చట్టప్రకారమూ మార్చాల్సిందే. రెండే కొత్తవి కొంటే అవి ముందుకి కాదు, వెనక్కి వేయించండి. వానలో వెనక టైర్లు పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని సర్దుకోవడం చాలా కష్టం.

బ్యాటరీ సంగతి ఒక్క మాటలో: అపార్టుమెంటు బేస్‌మెంటులో రోజూ ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే ఛార్జి పెద్దగా ఎక్కదు. వారానికోసారి అరగంట నడపండి. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీకి వోల్టు మీటరు పెడితే 12.6 వోల్టులు ఉండాలి. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే కార్లకి మామూలు బ్యాటరీ పనికిరాదు, ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే వేయాలి.

అపోహ: "బయట దొరికేదంతా డూప్లికేట్. బయట ఏం చేయించినా వారంటీ పోతుంది."

కార్ల కంపెనీ ఫిల్టర్లు, ప్యాడ్లు, బల్బులు అన్నీ తనే తయారు చేసుకోదు. వాటిని సరఫరా చేసే కంపెనీలు తమ పేరుతో కూడా అమ్ముతాయి. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మార్కెట్‌కి అందకుండా చేస్తున్నాయని కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఇక వారంటీ ఉన్నంతకాలం షెడ్యూలు సర్వీసులు అధీకృత సెంటర్లోనే చేయించడం మంచిది, సాధారణంగా వారంటీ షరతుల్లోనే అలా ఉంటుంది. టైర్లు, వైపర్లు, అలైన్‌మెంట్ బయట చేయించుకోవచ్చు. బయట అదనపు లైట్ల కోసం వైరు కోయించారంటే మాత్రం ఆ సర్క్యూట్ మీద వారంటీ అడిగే హక్కు చేజార్చుకున్నట్టే.

విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డుకి వెళ్లేముందు ఛాసిస్ నంబరు ఆధారంగా పార్టు నంబరు రాసుకోండి. "2019 మోడల్" అంటే చాలదు, ఏడాది మధ్యలో కూడా సామాను మారుతుంది. పాత ఫిల్టర్ చేతిలో ఉంటే పక్కన పెట్టి చూడండి. రబ్బరు సీలు మందం, మరలు, మడతల సంఖ్య సరిపోవాలి. ఆయిల్ ఫిల్టర్ రంధ్రాల్లోంచి చూస్తే, ఇంజన్ ఆగాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర చాలావాటిలో కనిపిస్తుంది. నకిలీల్లో అది గట్టిగా, ప్లాస్టిక్‌లా ఉంటుంది, లేదా అసలు ఉండదు. పెట్టె మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, క్యూఆర్ కోడ్ చూసుకుని జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనంటే ఆ ధరకి ఆశపడకండి.

శివాజీనగర్‌లో దొరికే పాత సామానులో అద్దాలు, డోర్ హ్యాండిళ్లు, సీట్లు కొనుక్కోవచ్చు. బ్రేకు, స్టీరింగ్ సామాను, ఎయిర్‌బ్యాగు, టైమింగ్ బెల్టు మాత్రం పాతవి వద్దు. ఎయిర్‌బ్యాగు ఒకసారి తెరుచుకుందో లేదో, బెల్టు ఎన్ని వేలు తిరిగిందో చెప్పగలిగేవాళ్లు అక్కడ ఉండరు.

సర్వీసుకి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద "మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టాలి" అని రాయించండి. ఇంజన్ ఫ్లష్, ఇంజన్ డ్రెస్సింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ లాంటివి ఎస్టిమేట్‌లో కనిపిస్తే మాన్యువల్ షెడ్యూలులో ఏ పేజీలో ఉందో చూపమనండి. చూపలేకపోతే, బండిలో ఆ పని అడిగే లక్షణం కూడా లేకపోతే, సంతకం పెట్టేలోపే కొట్టేయించండి.